ఒక్కసారి వచ్చి వెళ్ళే కాపలా

లాంచీ రెండోసారి కూత వేసింది. క్యూ మాత్రం అంగుళం కదల్లేదు.

అప్పటిదాకా మొహమాటంగా తుంపరలు రాల్చిన వాన, జనం ఎక్కడికీ పోవడం లేదని చూసి ధైర్యం తెచ్చుకుంది. రేవులో రేకుల కప్పు క్యూలో సగం మందికే సరిపోతుంది. మిగతా సగంలో, గొడుగు ఇంట్లో మరిచిపోయి వచ్చిన వాళ్ళలో, చిట్టి నిలబడి ఉంది. చిట్టి అన్నది ఇంట్లోవాళ్ళు పిలుచుకునే ముద్దుపేరు. బయట ఎవరైనా అలా పిలిస్తే ఊరుకోదు గానీ, మనలో మనం చెప్పుకుంటున్నాం కాబట్టి ఏమీ అనదు.

కౌంటర్ అద్దం వెనక కంప్యూటర్ తెర మీద చిన్న చక్రం ఒకటి గిర్రున తిరుగుతోంది. టికెట్ చూపిస్తే తప్ప గేటు తెరుచుకోదు. ఆ చక్రం ఆగితే తప్ప టికెట్ రాదు. అందరూ చూస్తుండగానే లాంచీ ఇద్దరు మనుషుల్నీ ఒక సైకిల్నీ ఎక్కించుకుని దర్జాగా అవతలి ఒడ్డుకి బయల్దేరింది.

పక్క తలుపు తెరుచుకుని ఒక కుర్రాడు బయటికి వచ్చాడు. రెండడుగులు వేసేలోపే నిలువునా తడిసిపోయాడు. ముందు కళ్ళజోడు తుడుచుకోవాలా, ముందు క్షమాపణ చెప్పాలా అని క్షణం తటపటాయించి, క్షమాపణే ఎంచుకున్నాడు.

"అందరూ క్షమించాలండీ. రెండు నిమిషాల్లో కౌంటర్ తెరుచుకుంటుంది. తరవాతి లాంచీకి ఎవర్నీ వదలకుండా ఎక్కిస్తాం."

"తరవాతి లాంచీ ఎక్కితే మా ఆఫీసులో నన్ను గుమ్మం ఎక్కనివ్వరు," అంది చిట్టి.

"మీరొక్కరే కాదండీ, అందరి పరిస్థితీ అదే."

"అందుకే అందరి తరఫునా అడుగుతున్నాను. సరిగ్గా జనం నిండుగా ఉన్నప్పుడే మీ మిషన్‌కి నిద్ర ముంచుకొస్తుందా?"

"నిద్ర కాదండీ, అప్‌డేట్."

"ఈ టైంలో అప్‌డేటా? వడ్డించే వేళకి గిన్నె లాక్కెళ్ళి తోమడం మొదలుపెట్టినట్టుంది."

క్యూలో నవ్వులు లేచాయి. కుర్రాడు కూడా నవ్వబోయి, తను నవ్వే హోదాలో లేనని గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"నేను మొదలుపెట్టలేదండీ. కొత్త వెర్షన్ కనపడగానే తనంతట తానే పాతది తీసేసి కొత్తది పెట్టే టూల్ ఒకటుంది. దానికి వానా తెలీదు, రద్దీ తెలీదు, మీ ఆఫీసు గుమ్మం అసలే తెలీదు. ఎవరో మహానుభావుడు రాశాడు."

"ఏమిటో దాని పేరు?"

"కాపలా."

చిట్టి నాలుక మీద ఇంకా చాలా మాటలు వరస కట్టి ఉన్నాయి. అన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆ మహానుభావుడు తనే.

అవతలి ఒడ్డున ఒక మందుల కంపెనీలో చిట్టి ప్రోగ్రాములు రాస్తుంది. ఈ రోజుల్లో ప్రోగ్రాముని, దానికి కావలసిన సరంజామాతో సహా, ఒక పెట్టెలో సర్ది నడిపిస్తారు. దాన్ని కంటైనర్ అంటారు. ప్రోగ్రాముకి కొత్త రూపం వచ్చినప్పుడల్లా పాత పెట్టె తీసి కొత్త పెట్టె పెట్టాలి. ఆ చాకిరీకి విసుగెత్తి చిట్టి ఒక టూల్ రాసుకుంది. అది కునుకు తీయకుండా కూర్చుని, కొత్త పెట్టె రాగానే మార్చేస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చని దాన్ని ఉచితంగా నెట్‌లో పెట్టింది. రాసినవారి పేరు దగ్గర సరదాగా 'పిట్ట' అని పెట్టుకుంది. ఎక్కడెక్కడివాళ్ళో వాడుతున్నారని మురిసిపోయేది. వాళ్ళలో ఒకళ్ళ మూలాన తను వానలో తడవాల్సి వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఆ సాయంత్రమే కాపలా పేజీలో ఒక విన్నపం కనపడింది. రాసినవారి పేరు 'లంగరు'.

"నమస్కారం సార్. మీ కాపలా మంచి టూలే. కానీ పొద్దస్తమానం మా నెత్తిన కూర్చుంటోంది. మాది లాంచీల రేవు. నేను పిలిచినప్పుడు వచ్చి, ఒక్కసారి అన్నీ చూసి, మార్చాల్సినవి మార్చి వెళ్ళిపోయే పద్ధతి ఒకటి పెట్టగలరా? 'రన్ వన్స్' అని."

చిట్టికి చురుక్కుమంది. కాపలా గొప్పతనమంతా అది నిద్రపోకపోవడంలోనే ఉందని ఆమె నమ్మకం.

"కాపలా అంటే ఎప్పుడూ ఉండాలి. పిలిస్తే వచ్చి పోయేదాన్ని చుట్టం అంటారు," అని జవాబు కొట్టింది.

నిమిషం తిరక్కుండా బదులొచ్చింది. "నాకు చుట్టమే కావాలి సార్. చివరి లాంచీ వెళ్ళాక పిలుస్తాను. పని చూసుకుని వెళ్ళిపోతే మర్యాద చేస్తాను. తిష్ఠ వేసిన చుట్టాన్ని మా సూపరింటెండెంటు గారు భరించలేకపోతున్నారు."

చిట్టి ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. "ఏంటే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?"

"ఏం లేదమ్మా. పని."

"పనికి ఎవరూ అలా నవ్వరు. మీ నాన్న ఇన్నేళ్ళు ఉద్యోగం చేశారు, ఒక్కనాడు నవ్వుతూ ఫైలు చూసిన పాపాన పోలేదు."

మర్నాడు లంగరు పేజీ వదిలేసి పిట్ట మెయిల్‌కే రాశాడు.

"సార్, మీరు ఇంట్లో కూర్చుని రాస్తారు. ఇక్కడ మా అవస్థ మీకు తెలీదు. నిన్న క్యూ మొత్తం వానలో నానిపోయింది. ఒకమ్మాయి నన్ను నిలబెట్టి కడిగేసింది. అదీ న్యాయంగానే కడిగింది."

చిట్టి వేళ్ళు ఆగాయి. ఇక్కడే చెప్పేసి ఉండాల్సింది. ఆ అమ్మాయిని నేనే బాబూ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కానీ లోపల ఏదో కొంటెతనం కితకితలు పెట్టింది.

"ఏమంది?" అని రాసింది.

గిన్నె తోమడం గురించిన మాట అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. దాని కింద ఇంకా ఉంది.

"అంత కోపంలో కూడా పోలిక వెతుక్కుని తిట్టే మనిషిని మొదటిసారి చూశాను సార్. ఇవాళ మళ్ళీ వచ్చింది, గొడుగుతో. నన్ను చూడగానే గొడుగు అడ్డం పెట్టేసుకుంది. క్షమించిందో లేదో తెలీలేదు. సరే, అది మీకెందుకు లెండి. అసలు సంగతి వేరే ఉంది. కౌంటర్ ఇంకోసారి ఆగిందంటే నన్ను ఎగువ రేవుకి బదిలీ చేస్తానని సూపరింటెండెంటు గారు కాగితం టైపు చేయించి పెట్టుకున్నారు. సంతకమే తరువాయి. వచ్చే సోమవారం నుంచి సెలవుల టైంటేబుల్, రద్దీ రెట్టింపు. కాస్త దయ చూడండి."

ఎగువ రేవంటే ఇక్కడికి ఒక పూట ప్రయాణం. చిట్టి ఆ మెయిల్ ముందు చాలాసేపు కూర్చుంది. "నేను సార్‌ని కాదు" అని కొట్టింది. చెరిపేసింది. చివరికి "సరే, చూస్తాను" అని పంపింది.

గొడుగు అడ్డం పెట్టుకున్నది నవ్వు దాచుకోవడానికని అతనికి ఎవరు చెప్పాలి?

ఆ వారమంతా చిట్టికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కాపలాకి మొదటినుంచీ ఒకే మాట తెలుసు: మళ్ళీ చూడు. ఇప్పుడు దానికి 'ఇక చాలు' అనడం నేర్పాలి. అదీ తిన్నగా నేర్పాలి. పెట్టె మార్చడం సగంలో వదిలేసి పోకూడదు. పాతది తీసి, కొత్తది పెట్టి, అది లేచి నడుస్తోందని కళ్ళారా చూసి అప్పుడు వెళ్ళాలి. ఏదైనా తేడా వస్తే, పోతూ పోతూ ఆ కబురు చెప్పి మరీ పోవాలి. రోట్లో తల పెట్టినట్టు అనిపించే పని, ఎందుకో, పండక్కి ఇల్లు సర్దుకుంటున్నంత హుషారుగా సాగింది.

పొద్దున్నే రేవు చివర టీ కొట్టు దగ్గర ఆ హుషారు ఇంకో రకంగా ఉండేది.

"ఇంకా కోపం పోలేదా అండీ?" రెండు గ్లాసులతో వచ్చి అడిగాడు లంగరు.

"పోయింది. పోయిందని వెంటనే చెబితే మీకు అలుసైపోతాను."

"ఇప్పుడు చెప్పేశారుగా."

"టీ బాగుంది కాబట్టి." చిట్టి గ్లాసు అందుకుని అమాయకంగా మొహం పెట్టింది. "ఇంతకీ మీ అప్‌డేట్ గోల ఏమైంది?"

"ముసలాయన ఒప్పుకున్నాడండీ."

"ఏ ముసలాయన?"

"ఆ కాపలా రాసినాయన. పిట్టగారు."

"ముసలాయనని మీకెలా తెలుసు?"

"రాతని బట్టే. ఒక్క మాట ఎక్కువ రాయడు. ఎదురు చెబితే చిరాకు. పైగా పిట్ట అని పేరు. రిటైరై, ఇంట్లో ఎవరితోనూ పడక, బాల్కనీలో పక్షులకి గింజలు వేసుకుంటూ బతికే మనిషి అయ్యుంటాడు."

టీ చిట్టి ముక్కులోకి పోయింది. దగ్గు ఆగేసరికి కళ్ళ నిండా నీళ్ళు. లంగరు కంగారుగా జేబులోంచి చేతిరుమాలు తీసి, అది కూడా తడిగానే ఉందని చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మంచివాడేనా మరి?" దగ్గు మధ్యలో అడిగింది చిట్టి.

"చాలా మంచివాడండీ. పైకి అలా ఉంటాడు గానీ, ఏం రాసినా వింటాడు. నాకు అలా వినేవాళ్ళు తక్కువ."

ఆ మాటతో చిట్టి నవ్వు మెల్లగా జారిపోయింది.

గురువారం సాయంత్రం కొత్త పద్ధతి తయారైంది. రేవు కంప్యూటర్లో మామూలు కాపలాని ఆపేసి, చివరి లాంచీ వెళ్ళాక లంగరు దాన్ని పిలిచి చూశాడు. వెంటనే మెయిల్ వచ్చిపడింది.

"వచ్చింది సార్. చూసింది. టికెట్ల పెట్టె మార్చింది. వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను రేవు మీద గంతులేశాను సార్. కుక్క ఒకటి భయపడి పారిపోయింది."

చిట్టి కూడా గదిలో గంతే వేసింది. పారిపోవడానికి అక్కడ కుక్క లేదు గానీ, మంచం కిర్రుమంది.

వెనకే ఇంకో మెయిల్. "సార్, మీరు పెద్దవారు కాబట్టి అడుగుతున్నాను. ఆ అమ్మాయికి నేనంటే కాస్తయినా ఇష్టం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?"

చిట్టికి చెంపలు వేడెక్కాయి. బుద్ధిమంతులైతే కంప్యూటర్ కట్టేసి వెళ్ళి పడుకుంటారు. చిట్టి మాత్రం ఇలా రాసింది: "ఈసారి వాన వచ్చినప్పుడు తన గొడుగు కిందికి రమ్మంటుందేమో చూడు."

శుక్రవారం పొద్దున వాన ఎవరో చెప్పి పంపినట్టు వచ్చింది. లంగరు టీ కొట్టు నుంచి కౌంటర్ దాకా తడుస్తూ నడుస్తున్నాడు. అంత నెమ్మదిగా వానలో నడిచే మనిషి ఎక్కడా ఉండడు. చిట్టి పళ్ళ బిగువున రెండు నిమిషాలు ఓర్చుకుంది.

"రండి," అంది చివరికి. "జలుబు చేస్తే మళ్ళీ కౌంటర్ ఆగుతుంది."

అతను గొడుగు కిందికి వచ్చాడు. చెవులదాకా సాగిన ఆ నవ్వు ఒక్కటి చాలు. చిన్న గొడుగు, అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం వానకి వదిలేసి ఇద్దరూ కౌంటర్ దాకా నడిచారు. కౌంటర్ ఎప్పటికన్నా చాలా దగ్గర్లో ఉన్నట్టు అనిపించింది చిట్టికి.

సాయంత్రం మెయిల్లో ఒకటే వాక్యం. "సార్, మీరు దేవుడు."

అది చదివాక చిట్టికి అన్నం సయించలేదు.

ఆదివారం బట్టలు మడత పెడుతూ అమ్మకి మొత్తం చెప్పేసింది. అమ్మ మడత పెట్టే దుప్పటి అంచు ఒకటి కూతురి చేతికిచ్చి, తను రెండో అంచు పట్టుకుని శ్రద్ధగా వింది.

"అంటే, నిన్ను గురించి నీకే రాస్తున్నాడన్నమాట."

"ఊఁ."

"నువ్వేమో వాటికి సలహాలు కూడా ఇస్తున్నావు."

"ఊఁ."

"పాపం పిల్లాడు."

"అతను పాపమా? నేను నీ కూతుర్నమ్మా."

"నా కూతురివి కాబట్టే తెలుసు, పాపం అతనే." అమ్మ దుప్పటి గట్టిగా దులిపి మడిచింది. "రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్. చెప్పాక కూడా నీతో మాట్లాడాడంటే ఇంటికి తీసుకురా, మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. మాట్లాడకపోతే మాత్రం ఇంటికొచ్చి నా దగ్గర ఏడవకు. అతని వైపే మాట్లాడతాను."

సోమవారం చిట్టి చెప్పాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వల్లించుకుంటూ రేవుకి చేరింది. రేవు గోలగోలగా ఉంది.

కౌంటర్ చక్కగా నడుస్తోంది. జనం చేతుల్లో టికెట్లు ఉన్నాయి. లేనిది లాంచీ. రేవు మధ్యలో వేలాడే పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు, లాంచీకి ఇంకా బోలెడు టైం ఉందంటోంది. ఆ బోర్డుని నమ్మి జనం బెంచీల మీద తీరిగ్గా కూర్చున్నారు. లాంచీ నడిపే సరంగు మాత్రం కొత్త టైంటేబుల్ ప్రకారం ఎప్పుడో లంగరెత్తేశాడు. లాంచీ నది మధ్యలో ఆటబొమ్మంత కనపడుతోంది.

"బోర్డేమో పాతది, బండేమో కొత్తదా?" అని ఒకాయన అరుస్తున్నాడు. "పిల్లల్ని వేసుకుని తెల్లారకముందే లేచి వచ్చాం," అంటోంది ఒకావిడ.

ఆఫీసు గుమ్మంలో సూపరింటెండెంటు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడ్డారు. ఆయన ఎదుట లంగరు తల వంచుకుని ఉన్నాడు.

"నిన్నటిదాకా కౌంటర్. ఇవాళ బోర్డు. నీ కంప్యూటర్లకి నా మీద ఏం పగ నాయనా?"

"తప్పు నాదేనండీ. ఎక్కడ జరిగిందో చూస్తున్నాను."

"ఎగువ రేవులో కూర్చుని తీరిగ్గా చూసుకో. సర్దుకో."

చిట్టి కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. బుర్ర మాత్రం పరిగెత్తుతోంది. బోర్డు మార్చాల్సింది మామూలు కాపలా. బోర్డు ఏ వేళ మారినా ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి దాన్ని ఎప్పుడూ ఉండేదానికి, టికెట్లని ఒక్కసారి వచ్చి పోయేదానికి అప్పగించుకోమని లంగరుకి తనే మెయిల్లో రాసింది. నిన్న సాయంత్రం మొదటిసారి రెండూ ఒకే కంప్యూటర్లో కలిశాయి.

రెండూ కలిశాయి.

"ఆగండి," అంటూ గుమ్మంలోకి వచ్చేసింది. "అతని తప్పు కాదండీ. నాది."

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు కిందికి దించి చూశారు. "నువ్వెవరమ్మా?"

"ఆ కాపలా రాసింది నేను." లంగరు వైపు తిరిగే ధైర్యం లేక, గోడకి వేలాడుతున్న రెయిన్‌కోటుతో చెప్పినట్టు చెప్పింది. "పిట్టని నేనే."

బయట ఇందాకటి ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

"మీరా," అన్నాడు లంగరు.

"నేనే. తరవాత తిట్టండి. ముందు ఒక మాట చెప్పండి. నిన్న ఆ ఒక్కసారి వచ్చిపోయేదాన్ని, వన్స్‌ని, పిలిచినప్పుడు మామూలు కాపలా నడుస్తోంది కదూ?"

"నడుస్తోంది."

"ఇప్పుడు?"

అతను లోపలికి పరిగెత్తాడు. చిట్టి వెంట వెళ్ళింది. మనిషి అడ్డంగా తిరిగితే గోడ తగిలే గది. కిటికీ గట్టు మీద తడి బూట్లు బోర్లించి ఉన్నాయి. పక్కనే విరిగిన పిడి ఉన్న టీ కప్పులో పెన్నులు.

"లేదు," అన్నాడు తెర చూసి. "నిన్న సాయంత్రం నుంచీ లేదు. ఎవరు ఆపారు?"

"వన్సే ఆపింది. కాపలా తనని తాను కూడా కొత్తదిగా మార్చుకుంటుంది కదా. అప్పుడు పాత కాపలా మిగిలిపోకుండా, రాగానే తనలాంటిది ఇంకోటి కనపడితే పంపించెయ్యమని ఎప్పుడో రాశాను. ఆ సంగతి మరిచిపోయాను. నిన్న వన్స్ వచ్చింది, ఇంట్లో ఉన్నదాన్ని చూసి పాతదనుకుని గెంటేసింది, తన పని తను చూసుకుని వెళ్ళిపోయింది."

"బోర్డుకి కొత్త పెట్టె వచ్చేసరికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు."

"మిగల్లేదు."

సూపరింటెండెంటు గారు గుమ్మంలోంచి అన్నారు: "అంటే వచ్చిన చుట్టం ఇంటాయన్ని బయటికి పంపించి, తనూ తాళం వెయ్యకుండా పోయిందన్నమాట."

"సరిగ్గా అంతేనండీ."

"బాగు చెయ్యగలరా? తరవాతి లాంచీ వచ్చేలోపు? లేదా సంతకం పెట్టెయ్యనా?"

మామూలు కాపలాని మళ్ళీ లేపగానే బోర్డు మీద కొత్త టైంటేబుల్ వచ్చేసింది. బయట అరుపులు కాస్త తగ్గాయి. కానీ అసలు లోపం అలాగే ఉంది. సాయంత్రం మళ్ళీ ఇదే కథ. చిట్టి అతని కుర్చీలో కూర్చుంది. అతను వెనక నిలబడ్డాడు. చుట్టపుచూపుగా వచ్చింది ఇంట్లోవాళ్ళ జోలికి పోకూడదు: రాయాల్సింది ఆ ఒక్క ముక్కే. అతను వెనకనుంచి చూస్తుంటే ఆ ఒక్క ముక్కే కొండంత అయింది.

"అక్కడ బ్రాకెట్ మూయలేదు," అన్నాడు వెనకనుంచి.

"చూశాను."

"చూస్తే మూయాలి కదా."

"మీరు చెప్పాకే మూయాలని ఆగాను."

అతను నవ్వలేదు. మెల్లగా అన్నాడు: "గొడుగు గురించి రాసింది కూడా మీరే."

"నేనే రాశాను. నేనే పిలిచాను."

"నేను రాసినవన్నీ చదువుకుని నవ్వుకున్నారా?"

"మొదట్లో నవ్వాను." చిట్టి వేళ్ళు ఆగలేదు. "తరవాత నవ్వలేదు. ఎప్పుడు రాస్తారా అని చూస్తూ కూర్చున్నాను. ఇవాళ చెప్పేద్దామనే వచ్చాను. ఈ మాట మీరు నమ్మనక్కర్లేదు."

"నాకు ఇద్దరు దొరికారనుకున్నాను," అన్నాడు. "ఒకమ్మాయి, ఒక పెద్దాయన. ఇవాళ పెద్దాయన పోయాడు."

చిట్టి చివరి వాక్యం రాసి పక్కకి జరిగింది. "పిలవండి."

క్యూ పలచబడ్డ వేళ చూసి, సూపరింటెండెంటు గారు భుజం మీదినుంచి చూస్తుండగా, లంగరు వన్స్‌ని పిలిచాడు. అది వచ్చింది. ఇంట్లో ఉన్నదాన్ని చూసింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. అది మర్యాదగా పక్కనుంచి వెళ్ళి, టికెట్ల పెట్టె చూసి, మార్చాల్సిందేమీ లేదని చెప్పి వెళ్ళిపోయింది. మామూలు కాపలా తన చోట తను కూర్చునే ఉంది.

లంగరు గాలిలోకి పిడికిలి విసిరాడు. చిట్టి కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఇద్దరి చేతులూ గాలిలోనే కలుసుకున్నాయి. వెంటనే ఇద్దరికీ తాము మాట్లాడుకోవడం లేదని గుర్తొచ్చింది. చేతులు మాత్రం విడిపోవడానికి కొంచెం ఆలస్యం చేశాయి.

సూపరింటెండెంటు గారు దగ్గి, టైపు చేసిన కాగితం నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపారు. "నేను గాలి పోసుకోవడానికి వెళుతున్నాను," అని ఆకాశం వంక చూసుకుంటూ వెళ్ళిపోయారు.

లాంచీ కూత వేసింది.

"మీ లాంచీ," అన్నాడు లంగరు. తెర వైపు తిరిగిపోయాడు. చిట్టి వెళ్ళి లాంచీ ఎక్కింది.

ఆ రోజు ఆఫీసులో చిట్టి మెయిల్ ఎన్నిసార్లు తెరిచిందో పక్క సీటువాళ్ళని అడగాలి. ఒక్క ముక్క రాలేదు. సాయంత్రం అవుతుండగా కాపలా పేజీలో అతని విన్నపం పక్కన 'పూర్తయింది' అని పడింది. కింద ఒక వాక్యం: "పనిచేస్తోంది. కృతజ్ఞతలు, పిట్టగారూ." సార్ అన్న మాట లేదు. అది మంచికో చెడుకో తేలక చిట్టి లాంచీలో రెయిలింగు పట్టుకుని తిరుగుదారంతా నీళ్ళ వంక చూస్తూ నిలబడింది.

రేవులో, తాళ్ళు కట్టే దిమ్మ పక్కన అతను నిలబడి ఉన్నాడు. వాన లేదు. గాలికి అతని జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది. పొద్దుటినుంచీ అందులోకి చేతులు పోనిస్తూ ఉన్నాడని చూడగానే తెలుస్తోంది.

"పొద్దున కోపం వచ్చింది," అన్నాడు ఉపోద్ఘాతం లేకుండా.

"రావాలి."

"మధ్యాహ్నం దాకా ఉంది. తరవాత పాత మెయిళ్ళన్నీ మళ్ళీ చదివాను. ఒక్క చోట కూడా మీరు నన్ను ఎగతాళి చెయ్యలేదు. అప్పుడు సిగ్గేసింది. కోపం కన్నా అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది." అతను కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచాడు. "అన్నీ రాశాననుకున్నాను గానీ, పెద్దాయనకి రాయనిది ఒకటి మిగిలిపోయింది. ఎందుకంటే అది ఆయనకి చెప్పేది కాదు."

"చెప్పండి," అంది చిట్టి.

"ఎగువ రేవంటే నేను హడలిపోయింది ఉద్యోగం గురించి కాదు. పనికేముంది, అక్కడా కంప్యూటర్లుంటాయి. అక్కడి లాంచీ మీ ఆఫీసు వైపు పోదు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు మీరంటే ఇష్టం. ఈసారి ఎవరి సలహా తీసుకోలేదు."

లాంచీలోంచి దిగుతున్నవాళ్ళు ఇద్దరినీ తప్పుకుంటూ, తప్పుకున్నాక వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళుతున్నారు. చిట్టి వాళ్ళంతా పోయేదాకా ఆగింది.

"నేనూ ఒకటి చెప్పాలి. ఇంకో అబద్ధం ఉంది."

అతని మొహం పాలిపోయింది. "ఇంకోటా?"

"మా ఆఫీసుకి వంతెన మీదుగా బస్సుంది. ఇంటి ముందే ఎక్కొచ్చు. లాంచీ కన్నా ముందే చేరుస్తుంది. ఆ వాన రోజు బస్సు తప్పిపోయి మీ క్యూలోకి వచ్చాను." చిట్టి బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ అంది. "ఆ మర్నాటి నుంచి బస్సు ఒక్కరోజు కూడా తప్పలేదు. నేనే ఎక్కలేదు."

అర్థమవడానికి అతనికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియక కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నాడు. చిట్టి చెయ్యి చాచి దాన్ని తీసి సరిగ్గా పెట్టింది.

"మరి రేపు?" అన్నాడు.

"రేపు బస్సే. రోజూ ఆలస్యంగా వస్తున్నానని మా మేనేజర్ గట్టిగా చెప్పాడు."

"అయితే నేను పొద్దున్నే మీ బస్టాపుకి వస్తాను. కాసేపు నిలబడి మాట్లాడుకోవచ్చు."

"రండి," అంది చిట్టి. "ఇద్దరం కలిసే ఆ బస్సు పోగొట్టుకుందాం."